అంకె పక్కన నక్షత్రం

నెలిదా బెంతంకోర్‌కి యాభై దాటాయి. పాసో బెర్ముదెస్ మున్సిపాలిటీ ఆఫీసులో వెనక గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది. కిటికీలోంచి నది కనబడుతుంది కాబట్టి అటు చూడలేక అలా కూర్చుందని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. అదేం కాదు. కళ్ళలో వెలుతురు పడకూడదని. జూన్ వరదకి ముందు కూడా ఆవిడ అలాగే కూర్చునేది.

మొదట మాంసం ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మున్సిపాలిటీ పిలిచి, వరదల విభాగంలో వేసింది. విభాగమంటే ముగ్గురు: డైరెక్టర్ ఎచార్, జనానికి ఫోన్ సందేశాలు పంపే ఎబెర్, ఈవిడ. ఎబెర్‌కి నలభై పైన. బట్టతల, నోరు ఎక్కువ, పనిమంతుడు.

నెలిదా రాసిన ప్రోగ్రాముల్లో ఊరు మొత్తానికి తెలిసింది ఒక్కటే కమాండ్. పేరు రియో, అంటే నది. నల్లటి తెర మీద 'రియో' అని కొట్టి ఎంటర్ నొక్కితే, నది పొడుగునా ఉన్న కొలతరాళ్ళ దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో పట్టీ వస్తుంది. ఆ పట్టీ అందంగా ఉండాలని ఆవిడ చాలా పాటుపడింది. పైన తేదీ, ఎడమన ఊళ్ళ పేర్లు, కుడివైపు వరస తప్పకుండా అంకెలు, నీరు పెరుగుతుంటే పైకి బాణం, తగ్గుతుంటే కిందకి బాణం, ప్రమాదం గీత దాటితే ఎరుపు రంగు. అడుగున 'మంచి రోజు కావాలి' అని ఒక ముక్క. ఎచార్‌కి ఆ ముక్కంటే ఇష్టం. రేడియోలో పొద్దుటి వార్తలు చదివేవాడు ఆ పట్టీని పైనుంచి కిందదాకా, ఆ ముక్కతో సహా చదివేవాడు.

పట్టీలో ఒక నక్షత్రం కూడా ఉండేది. అది నెలిదా కనిపెట్టింది కాదు. కంప్యూటర్లు రాకముందు ఆఫీసు గుమ్మం పక్కన నల్లబల్ల ఉండేది. వాన రోజుల్లో జనం గొడుగులేసుకుని దాని ముందు నిలబడేవాళ్ళు. ఎగువన రింకోన్ దెల్ తాలాలో దోర్వాల్ అనే ఆయన పడవేసుకుని కొలతరాయి దగ్గరకి వెళ్ళి, చూసి, ఫోన్ చేసి చెప్పేవాడు. ఏ కారణం చేతనో ఆయన ఫోన్ రాకపోతే బల్ల మీద గడి ఖాళీగా ఉండేది. ఖాళీ గడి చూస్తే జనం ఊరుకునేవాళ్ళు కాదు, గుమస్తా మీదకి వచ్చేవాళ్ళు. అందుకని ఆ గుమస్తా నిన్నటి అంకెనే రాసి, పక్కన సుద్దముక్కతో చిన్న నక్షత్రం వేసేవాడు. నక్షత్రం ఉందంటే ఆ అంకె పాతదని ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. "దోర్వాల్ ఇవాళ పడవెక్కలేదు" అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నెలిదా కమాండ్ రాసేటప్పుడు ఆ నక్షత్రాన్ని అలాగే తెచ్చిపెట్టింది. బల్ల తీసేశారు, నక్షత్రం మిగిలింది, దోర్వాల్ ఫోనూ మిగిలింది.

తర్వాత ఫోన్ సందేశాలు వచ్చాయి. నది ఒడ్డున లా తబ్లాద పేటలో ఉన్నవాళ్ళకి ముందుగా హెచ్చరిక పంపాలి. ఎబెర్ ఒక చిన్న స్క్రిప్ట్ రాశాడు. అది గంటకోసారి రియోని నడిపి, వచ్చిన పట్టీలో రింకోన్ దెల్ తాలా అంకె చూసి, గీత దాటితే పేటలో ఫోన్లన్నిటికీ 'ఇళ్ళు ఖాళీ చేయండి, లారీలు వస్తున్నాయి' అని పంపాలి. మనుషుల కోసం వేసిన పట్టీని యంత్రంతో చదివించడం అంత తేలిగ్గా కుదరలేదు. 'రింకోన్ దెల్ తాలా'లో రెండు ఖాళీలు ఉన్నాయి, పక్క ఊరి పేరులో ఒక్కటీ లేదు. అంకె ఒకచోట నాలుగో మాటవుతోంది, ఒకచోట రెండో మాటవుతోంది. ఎబెర్ చివరినుంచి లెక్కపెట్టాడు. బాణం అడ్డొచ్చింది, కోసేశాడు. రంగుల తాలూకు కనబడని గుర్తులు అడ్డొచ్చాయి, అవీ కోసేశాడు. చివరికి నక్షత్రం మిగిలింది.

ఆ సంగతి మాట్లాడుకున్నది ఆఫీసులో కాదు, సుల్మా అర్రియెతా ఇంట్లో. సుల్మా, నెలిదా ఒకే బడిలో చదివారు. సుల్మా మొగుడు వాషింగ్టన్ గుర్రబ్బండి మీద ఇసుక, ఇటుకలు తోలేవాడు. లా తబ్లాదలో నదికి రెండో వీధి వాళ్ళది. శనివారం మధ్యాహ్నం అక్కడ త్రూకో ఆడేవాళ్ళు. ఆ పేకాటకి నలుగురు కావాలి: మొగుడూ పెళ్ళాలు ఒక జట్టు, నెలిదా ఎబెర్ ఒక జట్టు. బయట వానైతే సుల్మా తోర్తా ఫ్రీతాలు వేయించేది. పంచదార చల్లిన ఆ రొట్టెలతో చేతులు జిడ్డవుతుంటే, ఆ చేతులతో పేక ముట్టుకోవద్దని వాషింగ్టన్ గోల పెట్టేవాడు.

ఆ రోజు ముక్కలు పంచుతూ ఎబెర్ అన్నాడు, "నీ నక్షత్రం నా ప్రాణం తీస్తోందే. అంకె అనుకుని చూస్తే అంకె కాదంటుంది. పీకేస్తున్నా."

"పీకెయ్," అంది నెలిదా. ఆమె చేతిలో మంచి ముక్క ఉంది. "అది మనుషుల కోసంలే."

"మేం మనుషులం కాదా?" అన్నాడు వాషింగ్టన్.

"నువ్వు కాదు. ముక్క వెయ్యి," అంది సుల్మా.

అంతే. ఆట నెలిదా వాళ్ళు గెలిచారు.

లా తబ్లాద వాళ్ళు తొందరపడి ఇళ్ళు వదలరు. వదిలితే దొంగలు పడవల్లో వచ్చి తలుపులతో సహా పట్టుకుపోతారు. అందుకని ఆఖరి నిమిషం దాకా ఉండడం, వెళ్ళాక ఒక మగాడు కప్పు మీద కాపలా ఉండడం అక్కడి పద్ధతి. ఎప్పుడు కదలాలన్నదే పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్న సుల్మా ఒకసారి నేరుగా అడిగితే, సందేశం వచ్చేదాకా కదలొద్దని, వచ్చాక క్షణం ఆగొద్దని నెలిదా చెప్పింది. స్నేహం కొద్దీ చెప్పిన మాట. సుల్మా దాన్ని పేటంతా చెప్పింది.

జూన్‌లో ఎగువన వంతెన మునిగి, రింకోన్ దెల్ తాలాలో ఫోన్లు పోయాయి. దోర్వాల్ పడవలో వెళ్ళి కొలత చూశాడు కూడా. చెప్పడానికి దారి లేదు. రియో ఎప్పటిలాగే పాత అంకె వేసి పక్కన నక్షత్రం పెట్టింది. స్క్రిప్ట్ నక్షత్రం పీకి, అంకె చూసి, గీత దాటలేదని ఊరుకుంది. గంట గంటకీ చూసింది, గంట గంటకీ ఊరుకుంది. పేటలోకి నీళ్ళు రావడానికి ముందు రోజంతా ఆ నక్షత్రం నెలిదా తెర మీద ఉంది. ఆవిడ చూసింది. దోర్వాల్ ఫోన్ చేయలేదనుకుంది. సందేశాల సంగతి సందేశాలు చూసుకుంటాయనుకుంది.

తెల్లవారేసరికి నీళ్ళు పేటలోకి వచ్చాయి. వాషింగ్టన్ సుల్మాని పక్కింటివాళ్ళ పడవ ఎక్కించాడు. పెరట్లో గుర్రం కట్టేసి ఉంది, దాన్ని విప్పి వస్తానన్నాడు. గుర్రం ఈదుకుంటూ రైలు కట్ట ఎక్కింది. అతను దొరకడానికి నీళ్ళు తగ్గాల్సి వచ్చింది.

విచారణ ఎక్కువ సాగలేదు. ఏం జరిగిందో నెలిదా, ఎబెర్ ఒక్క పూటలో చెప్పేశారు. దాచడానికేం లేదు. పత్రికలో 'సాంకేతిక లోపం' అని వచ్చింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఎబెర్ కొన్నాళ్ళు సెలవు పెట్టాడు. శ్మశానంలో సుల్మా ఇద్దరికీ చెయ్యి అందించింది. తిట్టలేదు. ఆ తర్వాత నెలిదా వాళ్ళింటికి వెళ్తే లోపలికి రమ్మంది, కుర్చీ చూపించింది. ఇద్దరూ గోడ మీద వరద వదిలిన బురద గీత వైపు చూశారు. మున్సిపాలిటీ సందేశాలు ఇంకా వస్తున్నాయా అని నెలిదా అడిగింది. ఫోన్ కట్టేసి ఉందని సుల్మా చెప్పింది. ఎందుకని నెలిదా అడగలేదు.

ఇంటికి వెళ్ళి నిద్రపోయేది. నిద్ర బాగానే పట్టేది. అది ఆవిడకే వింతగా ఉండేది. పొద్దున్నే లేచి, మాతే ఆకుల టీ కాచుకుని, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఆఫీసుకి వచ్చేది. ఏడుపు వస్తుందేమోనని మొదట్లో కాసేపు ఎదురుచూసేది. రాలేదు. తర్వాత ఎదురుచూడడం మానేసింది.

లా తబ్లాద మళ్ళీ నిండింది. ఎప్పుడూ నిండుతుంది, వేరే చోటు లేదు. సుల్మా కూడా ఆ ఇంట్లోనే ఉంది. ఆ దేశంలో వసంతం అక్టోబరులో వస్తుంది, అప్పుడు మళ్ళీ వానలు పడతాయి. అప్పుడు సుల్మా కదులుతుందా లేదా అన్నదొక్కటే నెలిదా మనసులో మిగిలింది. వేరే ఆలోచన ఏదీ ఎక్కువసేపు నిలిచేది కాదు.

ఎబెర్ సెలవు నుంచి వచ్చేసరికి ఆవిడ రియోని విప్పి పరిచి ఉంచింది. పాత పట్టీని చెరపలేదు. మనిషి తెర ముందు కూర్చుని రియో అని కొడితే అదే వస్తుంది, రంగులూ బాణాలతో. ఆ పక్కన 'సాదా' అని చేర్చి అడిగితే మాత్రం వేరేది వస్తుంది. అందులో పైన తేదీ లేదు, అడుగున శుభాకాంక్ష లేదు. ఒక కొలతరాయికి ఒక్క వరస. ఊరి పేరు బదులు ఖాళీలు లేని పొట్టి గుర్తు. ఎత్తు సెంటీమీటర్లలో, దశాంశాలూ కామాలూ లేకుండా. తర్వాత ఆ కొలత నిజంగా తీసిన సమయం. చివరన కొలత అందిందా లేదా అన్న ఒక్క మాట. గడికీ గడికీ మధ్య ట్యాబ్ మీటతో వచ్చే ఖాళీ, ఇంకేమీ కాదు. కొలత అందకపోతే ఎత్తు గడి ఖాళీ. నిన్నటిది కాదు, సున్నా కాదు. ఎక్కడ ఏం తప్పిందని కమాండ్ చెప్పుకోవాల్సిన గోడు ఏదైనా ఉంటే అది వేరే దారిన పోతుంది, అంకెల్లో కలవదు. ఒక్క కొలత తప్పినా కమాండ్ విఫలమయ్యానని చెప్పి ముగుస్తుంది.

ఎబెర్ నిలబడే చూశాడు. "ఖాళీ గడిని నా స్క్రిప్ట్ సున్నా అనుకుంటే?"

"అందుకే చివర ఆ మాట."

"అది చూడకపోతే?"

"కమాండ్ విఫలమైందని తెలుస్తుంది."

"అదీ చూడకపోతే?"

"అప్పుడు తప్పు నీది," అంది నెలిదా.

పాత రోజుల్లో అయితే ఎబెర్ దానికి ఏదో ఒకటి అంటించేవాడు. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతను కోతలన్నీ తీసేసి స్క్రిప్ట్ మళ్ళీ రాశాడు. ముందుకన్నా బాగా చిన్నదైంది. వరసలో గడుల క్రమం ఎన్నడూ మారదని, కొత్తది చేర్చాల్సి వస్తే చివర్నే చేరుస్తామని ఇద్దరూ ఒప్పుకుని ఆ మాట కమాండ్ సహాయం పేజీలో రాసుకున్నారు. తర్వాత దోర్వాల్ ఫోన్ రానట్టు, సగం వచ్చినట్టు, తప్పు అంకె చెప్పినట్టు రకరకాలుగా కమాండ్‌కి అబద్ధాలు తినిపించి చూశారు. ప్రతిసారీ స్క్రిప్ట్ ఆగి, తెలియదంది.

చిక్కు అక్కడే వచ్చింది. తెలియదని స్క్రిప్ట్ అంటే పేటకి ఏమని పంపాలి? నెలిదా రాసిన సందేశం ఇది: 'రింకోన్ దెల్ తాలా నుంచి కొలత రాలేదు. నీళ్ళు వస్తాయో రావో మాకు తెలియదు. లారీలు రైలు కట్ట దగ్గర ఉన్నాయి.'

ఎచార్ అది రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, మేయర్ గదిలోంచి రోజూ ఫోన్ వస్తోంది. కొలత రాని ప్రతిసారీ లారీలు పంపితే డీజిలు ఎవరు పోస్తారని అడిగాడు. జనం నవ్వుతారన్నాడు. పోనీ 'అప్రమత్తంగా ఉండండి' అందామన్నాడు.

"అప్రమత్తంగా ఉండి ఏం చెయ్యాలి?" అంది నెలిదా.

"మున్సిపాలిటీ తెలియదని చెప్పకూడదు, నెలిదా. తెలియదని చెప్పడానికైతే మనకి జీతాలెందుకు?"

"జూన్‌లో చెప్పలేదుగా, డైరెక్టర్‌గారూ."

ఆవిడ గొంతు పెంచలేదు. సమయమెంతైందో చెప్పినట్టు చెప్పింది. ఎచార్ కిటికీలోంచి బయటికి చూశాడు, తర్వాత సందేశం కింద పొట్టి సంతకం గీకి కాగితం ఆవిడ వైపు తోశాడు.

అక్టోబరు మూడో వారంలో నాలుగు రోజులు వాన ఆగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం దోర్వాల్ ఫోన్ రాలేదు. రియో ఒక గడి ఖాళీగా వదిలి, విఫలమయ్యానని చెప్పి ముగిసింది. స్క్రిప్ట్ ఆగింది. సందేశం లా తబ్లాదలో ఫోన్లన్నిటికీ వెళ్ళింది, ఒక్క కట్టేసిన ఫోన్‌కి తప్ప. నెలిదా కోటు తొడుక్కుంది.

పేటలో జనం గుమ్మాల్లో నిలబడి సందేశం ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు. నెలిదా పోతుంటే వానలోంచి ఒకడు కేకేశాడు, తెలియదని చెప్పడానికి యంత్రమెందుకు, మా మావయ్య చాలడా అని. ఆవిడ ఆగలేదు.

సుల్మా పెరట్లో గుర్రానికి గోనె కప్పుతోంది. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. నెలిదాని చూసి పని ఆపలేదు.

"ఏమంటోంది నీ యంత్రం?"

"తెలియదంటోంది."

"నీకు?"

"నాకూ తెలియదు. దోర్వాల్ ఫోన్ రాలేదు. రేపటికి రావచ్చు నది. రాకపోవచ్చు."

సుల్మా గోనె మూలలు ముడి వేసింది. ముడి సరిగ్గా పడలేదు, విప్పి మళ్ళీ వేసింది. నెలిదా రెండో కొస లాగి పట్టుకుంది. వెళ్ళమని చెప్పే హక్కు తనకుందో లేదో ఆవిడ అప్పుడు ఆలోచించలేదు. వెళ్ళమననూ లేదు.

"నువ్వైతే వెళ్తావా?" అంది సుల్మా.

"వెళ్తాను."

"ఒట్టినే అవుతుందేమో."

"అవ్వచ్చు."

సుల్మా గుర్రం మెడ మీద చెయ్యి వేసి, రోడ్డు చివర కట్ట కింద ఆగిన లారీ వైపు చూసింది. లారీ పక్కన సామాన్లు మొయ్యడానికి వచ్చిన నలుగురు సిపాయిలు కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉన్నారు. ఇంకా ఎవరూ ఎక్కలేదు. "దీన్ని నేను కట్ట మీదకి తోలుకెళ్తా," అంది. "ఆ మొద్దుల్ని పిలువు. ఫ్రిజ్ బరువు."

ఫ్రిజ్, పరుపు, గ్యాస్ సిలిండర్, కుర్చీలు లారీ ఎక్కాయి. ఫ్రిజ్ కింద మూల నెలిదా పట్టుకుంది. చెయ్యి నలిగింది. అది చూసి రెండో వీధిలో మరో మూడిళ్ళ వాళ్ళు కదిలారు. మిగతావాళ్ళు కదల్లేదు. సుల్మా వాళ్ళని పిలవలేదు. వాషింగ్టన్ లేడు కాబట్టి కప్పు మీద కాపలా ఎవరూ ఉండలేదు. తలుపు తాళం వేసి, తాళంచెవి జాకెట్ జేబులో వేసుకుని, గుర్రాన్ని పట్టుకుని సుల్మా కట్ట వైపు నడిచింది.

దోర్వాల్ ఫోన్ మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. నది పెరిగింది, మొదటి వీధి సగం దాకా వచ్చి ఆగింది. రెండో వీధికి రాలేదు. ఆ సాయంత్రమే తగ్గడం మొదలుపెట్టింది.

రెండు రోజుల తర్వాత లారీ సామాన్లు వెనక్కి తెచ్చింది. కదలనివాళ్ళు గుమ్మాల్లో మాతే తాగుతూ చూశారు. "మున్సిపాలిటీకి తెలియదు, వీళ్ళ నడుములకి తెలిసొచ్చింది," అని పక్కింటి బ్లాసీదా వీధంతా వినబడేలా అంది. జనం నవ్వారు. ఎచార్ దగ్గరకి ఫిర్యాదులు చేరాయి, ఆ సందేశం మాటలు మార్చాలని ఆయన మళ్ళీ అడిగాడు. నెలిదా మార్చలేదు. ఆయన పట్టుబట్టలేదు.

లారీ వచ్చిన రోజు ఆఫీసు వదిలాక ఆవిడ సామాన్లు దింపడానికి వెళ్ళింది. ఇంట్లో నేల పొడిగా ఉంది. తాళం పగలలేదు. ఇద్దరూ ఫ్రిజ్‌ని గోడకి చేర్చారు, అది సరిగ్గా ఆనిందా అని సుల్మా వంగి చూసింది. సిపాయిల బూట్ల బురద గది నిండా పడింది. సుల్మా చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది.

"మళ్ళీ వానొస్తే మళ్ళీ తెలియదంటారా?" అంది, తలెత్తకుండా.

"తెలియకపోతే అంటాం."

"సరే," అంది సుల్మా. "అప్పుడు ఇద్దర్ని ఎక్కువ పంపమని చెప్పు. ఈ నలుగురికీ మొయ్యడం చేతకాదు."

నెలిదా చెబుతానంది. కుర్చీలు లోపల పెట్టింది. సుల్మా ఊడుస్తూ గుమ్మం దాకా వచ్చి బురదని వీధిలోకి తోసింది. నెలిదా కాళ్ళు అడ్డొస్తుంటే పక్కకి జరగమంది.